సికింద్రాబాద్‌లో రాస్ చూసిన కొరడాలు

బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర సర్ రోనాల్డ్ రాస్ పేరిట ఒక పాత భవనం ఉంది. దోమ పొట్టలో మలేరియా క్రిమిని ఆయన కనిపెట్టింది ఇక్కడే. ఈ సంగతి చాలామందికి తెలుసు. అంతకు రెండేళ్ల ముందు ఇదే సికింద్రాబాద్‌లో కళ్లారా చూసి కూడా ఆయన పోల్చుకోలేకపోయినది ఒకటుంది. దాని గురించి అంతగా చెప్పుకోరు.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టారు. సైన్యంలో వైద్యుడు. మలేరియాను దోమలే మోస్తాయన్న ఆలోచనను 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మ్యాన్సన్ ఆయనకు ఎక్కించారు. మరుసటి ఏడాది సికింద్రాబాద్ వచ్చిన రాస్, రోగుల రక్తం తాగిన దోమలను కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. నెలవంకలాంటి క్రిములు గుండ్రంగా మారాయి. కొన్నింటిలోంచి సన్నని కొరడాలు పుట్టుకొచ్చి, పక్కనున్న రక్తకణాలను చెదరగొడుతూ కొట్టుకున్నాయి. క్రిమి తర్వాతి రూపం అదేనని గురుశిష్యులిద్దరూ అనుకున్నారు. అసలు అవి క్రిమి తాలూకు వీర్యకణాలు. ఆ సంగతి తేల్చింది 1897లో పక్షుల రక్తం చూస్తున్న మెకల్లమ్ అనే విద్యార్థి!

ఆ కొరడా ఎలా ఆడుతుంది? దాని నిడివి పొడవునా సన్నని గొట్టాలు జంటలుగా ఉంటాయి. ఒక జంటకు అతుక్కున్న డైనీన్ అనే ప్రొటీన్ పక్క జంటను పట్టుకుని, దాని మీద అడుగులు వేస్తుంది. గొట్టాలు ఒకదానికొకటి కట్టేసి ఉండటంతో పూర్తిగా జారిపోలేక వంగుతాయి. ఒకవైపు, వెంటనే రెండోవైపు. అదే కొరడా దెబ్బ. మన ఊపిరితిత్తుల్లో కఫాన్ని పైకి నెట్టే నూగులోనూ, పురుషుల వీర్యకణాల తోకలోనూ పనిచేసేది ఈ డైనీనే. అడుగు వేయడానికి దానికి ఏటీపీ అనే ఇంధనం కావాలి. ఆ ఏటీపీని 1929లో జర్మనీలో లోమన్, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి మన యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా గుర్తించారు.

రాస్ మాత్రం ఇంకా దోమల దగ్గరే ఆగిపోయి ఉన్నారు. వాడినవి మలేరియాను మోయని రకాలు మరి. 1897 వేసవిలో తిరిగి సికింద్రాబాద్‌లో. కోసిన దోమలు ఎగిరిపోతాయని పంకా లాగనిచ్చేవారు కాదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే రోగిని మచ్చల రెక్కల దోమలతో కుట్టించారు, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి. 20న వాటిలో ఒకదాని పొట్ట గోడలో నల్లని రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మర్నాడు చివరి దోమలో అవి ఇంకా పెద్దవయ్యాయి.

అవి అక్కడికి నడిచి వచ్చినవే. కాళ్లు లేవు, తోక లేదు. ఫలదీకరణ జరిగాక క్రిమి చిన్న పురుగులా సాగి, తన పైపొర కింద మయోసిన్ అనే మోటారు ప్రొటీన్ ఆక్టిన్ పోగులను లాగుతుంటే జారుతూ గోడ దాటుతుంది. మన కండరాన్ని బిగించేది కూడా ఈ జంటే.

ఇంతలో రాస్‌ను రాజస్థాన్ ప్రాంతానికి బదిలీ చేశారు. మిగతా కథను 1898లో కలకత్తాలో, పక్షి మలేరియాతో పూర్తిచేశారు. దోమ లాలాజల గ్రంథిలో ఆయన చూసిన సూదుల్లాంటి క్రిములు కూడా మయోసిన్ బలంతోనే సెకనుకు ఒకటి రెండు మైక్రాన్లు జారుతాయి. అలాగే మన చర్మంలోంచి రక్తనాళాన్ని చేరతాయి.

1902లో నోబెల్ అందుకున్న రాస్ 1932లో కన్నుమూశారు. ఆయన చూసిన కొరడాలను ఆడించే ప్రొటీన్‌కు డైనీన్ అని పేరు పెట్టింది 1965లో.