బ్రహ్మగుప్తుడు

ఆర్యభటుని తరువాత భారతీయ గణితశాస్త్రానికి వన్నె తెచ్చిన మహామేధావి బ్రహ్మగుప్తుడు. ఆయన క్రీ.శ. 598లో జన్మించాడు. తండ్రి జిష్ణుగుప్తుడు. నేటి రాజస్థాన్‌లోని భీన్‌మాల్‌కు ఆనాటి పేరు భిల్లమాలం. ఆ నగరంతో గల అనుబంధం వల్ల ఆయనకు భిల్లమాలాచార్యుడనే వ్యవహారం ఏర్పడింది.

చాపవంశీయుడైన వ్యాఘ్రముఖుని పాలనలో, 628లో, ముప్పయ్యేళ్ళ వయస్సుననే ఆయన ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’ రచించాడు. అది ఖగోళ గ్రంథమే అయినా అందులో గణితానికీ సముచిత స్థానం లభించింది. గ్రీకు గణితవేత్త డయోఫాంటస్ ఋణ ఫలితాలను అసంగతమని త్రోసిపుచ్చగా, బ్రహ్మగుప్తుడు ఆస్తిని ధనమనీ, అప్పును ఋణమనీ పేర్కొని రెంటినీ సంఖ్యలుగా ఆదరించాడు. సమానమైన ధన, ఋణాలు కలిస్తే మిగిలేది శూన్యమని చెప్పి, దానికీ సంఖ్యా గౌరవం కల్పించాడు. మన గణిత పుస్తకాలలోని ధన, ఋణ పదాలు ఆ సంప్రదాయానివే.

ధనాన్ని ధనంతో గానీ, ఋణాన్ని ఋణంతో గానీ గుణిస్తే ధనం. ధన, ఋణాల లబ్ధం ఋణం. శూన్యంతో దేనిని గుణించినా శూన్యం. ఇవి ఆయన నియమాలు. వీటిని బట్టి రెండు రాశుల లబ్ధం శూన్యమైతే వాటిలో ఒకటైనా శూన్యం కాక తప్పదు. వర్గ సమీకరణాలను కారణాంక విభజనతో సాధించే పద్ధతికి ఇదే ప్రాణం. ఒక రాశి వర్గానికి ఆ రాశి రెట్టింపును కలిపి 15 తీసివేస్తే శూన్యం వచ్చిందనుకుందాం. ఆ రాశిలో 3 తగ్గించిన దానిని, 5 కలిపిన దానితో గుణించినా వచ్చేది ఇదే. కనుక ఆ రాశి 3 కావాలి, లేదా ఋణ 5 కావాలి. శూన్యాన్నీ, ఋణాన్నీ అంగీకరించనివారికి ఈ రెండవ మూలం దక్కదు. బ్రహ్మగుప్తుడు స్వయంగా కారణాంకాలను ఆశ్రయించక, వర్గమూలంతో సాధించే సూత్రాన్ని చెప్పాడు. అయినా కారణాంక పద్ధతికి కావలసిన పునాది ఆయన నియమాలలోనే ఉంది.

అంతటి ప్రతిభావంతుడూ ఒకచోట తడబడ్డాడు. శూన్యాన్ని శూన్యంతో భాగిస్తే శూన్యమే వస్తుందన్నాడు. ఆ భాగహారానికి అర్థమే లేదని నేటి గణితం నిర్ణయించింది. యౌవనంలో ఆర్యభటుని తీవ్రంగా విమర్శించిన ఆయనే, 665లో, అరవై ఏడేళ్ళ వయస్సున, ఆర్యభటుని పద్ధతినే అనుసరించి ‘ఖండఖాద్యకం’ రచించడం గమనింపదగినది. పట్టుదల కంటె ప్రయోజనమే మిన్న అని ఈ రచన చాటుతున్నది.

ఎనిమిదవ శతాబ్దిలో ఆయన సిద్ధాంతాలు బాగ్దాదు చేరి అరబ్బీ పండితులను ప్రభావితం చేశాయి. 1817లో కోల్‌బ్రూక్ ఆయన గణితాధ్యాయాలను ఆంగ్లంలోకి అనువదించి ఐరోపాకు పరిచయం చేశాడు. ఏమీ లేదనుకొనే శూన్యానికి నియమాలు ఏర్పరచి, అప్పును సైతం సంఖ్యగా మన్నించిన బ్రహ్మగుప్తుని మేధ చిరస్మరణీయం.