రెండు పళ్ళు, ఒక గురువు

మానవుని పుట్టుకను గూర్చి శాస్త్రజ్ఞులు చెప్పే మాటలు వినగానే మనలో కొందరు కలవరపడతారు. విశ్వాసానికి ముప్పు వస్తుందని వారి భయం. అలాంటివారు ఫాదర్ పియెర్ తెయ్యార్ ద షార్దా గారి జీవితం తెలుసుకోవాలి.

1881లో ఫ్రాన్సు దేశంలో జన్మించిన ఆయన 1899లో యేసుసభలో చేరి, 1911లో గురుపట్టం పొందారు. వేదశాస్త్రం చదివింది ఇంగ్లాండులోని హేస్టింగ్స్ పట్టణంలో. అక్కడ ఆయనకు చార్లెస్ డాసన్ అనే న్యాయవాది పరిచయమయ్యాడు. ఆ ప్రాంతంలోని పిల్ట్‌డౌన్ కంకర గుంటలో ఆదిమానవుని పుర్రె ముక్కలు, దవడ ఎముక దొరికాయని 1912లో డాసన్ ప్రకటించాడు. మరుసటి ఏడు అక్కడే వెదుకుతుండగా ఫాదర్ గారి చేతికి ఒక కోరపన్ను చిక్కింది. పండితులు ఎంతో సంబరపడ్డారు.

1953లో ఆ గుట్టు బయటపడింది. దవడ ఒరాంగుటాన్ కోతిది. పళ్ళను ఆకురాయితో అరగదీసి, రంగు పట్టించి గుంటలో పెట్టారు. పుర్రెకు అతికే కీలు భాగం విరిగి ఉండటంతో, రెండూ ఒకరివేనా అని సరిచూసే వీలు లేకపోయింది. అప్పటికి ఫాదర్ గారికి 72 ఏళ్ళు. ఆయన మరణించాక కొందరు ఆయననే శంకించారు. 2016లో వెలువడిన పరిశోధన మాత్రం డాసన్ వైపే వేలు చూపింది.

చైనాలో మరో పంటి కథ నడిచింది. పెకింగ్ నగరం దగ్గర జౌకౌదియన్ గుహలో దొరికిన పంటిని చూసి డేవిడ్‌సన్ బ్లాక్ అనే వైద్యుడు 1927లో దానికి పెకింగ్ మానవుడని పేరు పెట్టాడు. ఒక్క పంటితో ఇంత మాటా అని సందేహించినవారున్నారు. అందుకే తవ్వకం ఆగలేదు. 1929లో పెయ్ వెన్‌జోంగ్ అనే యువకునికి పుర్రె దొరికింది. ఏ పొర ఏ కాలానిదో తేల్చే పనిలో ఫాదర్ గారు భూగర్భశాస్త్రవేత్తగా పాలుపంచుకున్నారు. క్రమంగా సుమారు 40 మందికి చెందిన పళ్ళు, దవడలు, పుర్రెలు బయటపడి, ఆ మొదటి పంటికి సాక్ష్యం పలికాయి.

ఆయన వేదాంత రచనలను అచ్చువేయడానికి పెద్దలు అనుమతించలేదు. ప్యారిస్‌లో బోధించే ఉద్యోగమూ పోయింది. ఆయన సభను విడువలేదు, తవ్వకాన్నీ విడువలేదు. 1955 ఏప్రిల్ 10న, పునరుత్థాన పండుగనాడు, న్యూయార్కులో కన్నుమూశారు. ఆయన రచనల విషయంలో జాగ్రత్త వహించాలని 1962లో రోము హెచ్చరించింది. 1996లో రెండవ జాన్ పాల్ పోపుగారు పరిణామవాదాన్ని కేవలం ఊహగా భావించరాదని తెలియజేశారు.

పిల్ట్‌డౌన్ మోసాన్ని బయటపెట్టింది కూడా శాస్త్రపరీక్షే. కనుక ప్రియులారా, పరీక్షకు జడిసేది అబద్ధమే. సత్యస్వరూపియైన దేవుని బిడ్డలకు పాత పళ్ళను చూసి భయమెందుకు?