అడవి గింజల విద్యను గ్రంథస్థము చేసిన హైమన్‌డార్ఫు

మామిడిపండు తిని టెంకను పారవేయుట మనకు అలవాటు. గోదావరి లోయలోని కొండరెడ్లకు ఆ టెంకలోని జీడియే కరవుకాలపు కూడు. ఈ సంగతిని శ్రద్ధతో గమనించి గ్రంథమున కెక్కించిన పండితుడు తెలుగువాడు కాడు, ఆస్ట్రియా దేశీయుడు.

క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫు 1909 జూన్ 22న వియన్నా నగరమున జన్మించెను. అచటనే మానవశాస్త్రము నభ్యసించి, 1936లో నాగా కొండలకు వచ్చెను. 1938లో ఎలిజబెత్ బర్నార్డోను వివాహమాడెను. 1939లో దంపతులు మరల భారతదేశము చేరిన కొలదికాలమునకే యుద్ధము మొదలయ్యెను. ఆయన చేతనున్నది జర్మను పాస్‌పోర్టు. ఆంగ్ల ప్రభుత్వమునకు ఆయన శత్రుదేశీయుడు. హైదరాబాదు రాజ్యపు ఎల్లలలోనే ఉండవలెనను కట్టుబాటు కలిగెను. ఆ నిర్బంధమే మన అదృష్టమైనది. ఆయన చెంచులను, కొండరెడ్లను, గోండులను వరుసగా చూచి వ్రాయగలిగెను.

కొండరెడ్ల నడుమ ఆయన 1941లో నివసించెను. నాడు నైజాములోని ఆ కొండలు వరంగల్లు జిల్లాకు చెందినవి; నేటి మహబూబాబాదు ప్రాంతపు కోయ పల్లెలును ఆ జిల్లాలోనివే. జనగామ మాత్రము అప్పుడు నల్లగొండలో ఉండెను. పోడు జొన్నలు నిండుకొనగానే రెడ్లకు జీలుగు మ్రాని చవ్వ, అడవి దుంపలు, మామిడి జీడి ఆధారములు.

జీడిని ఉన్నదున్నట్లు తినిన నోరు వగరెక్కును, కడుపు చెడును. అందులకు కారణము టానిను అను పదార్థము. టెంకలను ఎండబెట్టి పగులగొట్టి, జీడిని దంచి, పారు నీటిలో నానవేసి, పిమ్మట ఎండించి పిండిచేసి అంబలి కాచుదురు. దంచుటవలన నీరు లోనికంటును. నిలువనీటిలో వగరు కొంత దిగి ఆగిపోవును. పారునీరు దిగినదానిని దిగినట్లే కొనిపోవును. రసాయనశాస్త్రపు పేరు లేకయే అడవి స్త్రీలెరిగిన సూత్రమిది. చేదు దుంపలను పలుచగా తరిగి, ఉడికించి, ఏట కడుగుటయు ఇట్టిదే.

అయితే నీరు కడుగలేని విషమొకటి కలదు. తేమలో నిలువయుంచిన జీడికి బూజు పట్టును. కొన్ని బూజులు పుట్టించు విషము నానినను పోదు, ఉడికినను పోదు. ఒరిస్సాలోని కాశీపురము ప్రాంతమున 2001లోను, కంధమాల్ జిల్లాలో 2024లోను జీడి అంబలి త్రాగి గిరిజనులు మరణించిరి. తప్పు వారి విద్యది కాదు. ఇంట ధాన్యమున్నవారెవరును చెడిన జీడిని వండుకొనరు.

హైమన్‌డార్ఫు తిండిని వర్ణించి ఊరకుండలేదు. కలప కంట్రాక్టర్లు రెడ్లచే చాకిరి చేయించుకొను తీరును ప్రభుత్వమునకు నివేదించెను. ఆ నివేదికలు 1945లో గ్రంథరూపమున వెలువడినవి. గిరిజన వ్యవహారములలో నిజాము ప్రభుత్వమునకు సలహాదారుగా, ఉస్మానియాలో ఆచార్యుడుగా పనిచేసెను. ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణకు పాఠశాల నెలకొల్పించెను. 1949లో లండను చేరి 1976వరకు అచట బోధించినను, తెలుగు అడవులకు పలుమార్లు తిరిగి వచ్చుచునే యుండెను.

ఎలిజబెత్ 1987లో హైదరాబాదులో మరణింపగా ఆమెను మార్లవాయిలో సమాధి చేసిరి. ఆయన 1995 జూన్ 11న లండనులో కన్నుమూసెను. పిమ్మట ఆయన అస్థికలనుకూడ మార్లవాయికే తెచ్చి ఆమె ప్రక్కన ఉంచిరి.