కైరోలో వదిలేసిన గుర్రాలు

యుద్ధంలో మరణించిన సైనికుల కోసం ప్రతి దేశం స్మారక స్తంభాలు నిలబెట్టుకుంటుంది. ఆ సైనికులను మోసిన గుర్రాలు తర్వాత ఏమయ్యాయని అడిగేవారు అరుదు. అలా అడిగి, జవాబు తెలిశాక ఊరకే కూర్చోలేకపోయిన ఒక బ్రిటిష్ వనితను ఈ వారం జ్ఞాపకం చేసుకుంటున్నాం. ఆమె 1883లో జన్మించిన డొరోతి బ్రూక్.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, ఆస్ట్రేలియా తదితర దేశాల అశ్వదళాలు ఈజిప్టు నుండి సీనాయి ఎడారి దాటి పాలస్తీనాకు సాగాయి. 1917 డిసెంబరులో యెరూషలేము, మరుసటి ఏడాది దమస్కు వారి వశమయ్యాయి. ఎండలో, ఇసుకలో, గుక్కెడు నీళ్లు దొరకని దారుల్లో సైనికులతోపాటు గుర్రాలు కూడా నలిగిపోయాయి. 1918లో యుద్ధం ముగిసింది. సైనికులు ఓడలెక్కి ఇళ్లకు వెళ్లారు. వేలాది గుర్రాలను మాత్రం ఈజిప్టులోనే అమ్మేశారు. అప్పటిదాకా సైన్యంలో ఉన్న జంతువులు రాళ్ల బండ్లకు, సరుకు బండ్లకు కట్టుబడ్డాయి.

పన్నెండేళ్లు గడిచాయి. అశ్వదళ అధికారియైన భర్త జెఫ్రీ బ్రూక్‌తో కలిసి 1930లో డొరోతి కైరో చేరారు. ఆ పాత యుద్ధాశ్వాల కోసం వాకబు చేశారు. వీధుల్లో ఎముకల గూళ్లలా, కుంటుతూ, కొన్ని చూపు కూడా పోయి, ఇంకా బరువులు లాగుతున్న ముసలి గుర్రాలు ఆమెకు కనబడ్డాయి. వాటి చర్మంపై కాల్చి వేసిన సైన్యపు బాణం గుర్తు ఇంకా చెరిగిపోలేదు.

1931లో ఆమె మార్నింగ్ పోస్ట్ అనే లండను పత్రికకు లేఖ రాసి ఆ గుర్రాల దుస్థితిని తెలియజేశారు. పాఠకులు స్పందించి విరివిగా డబ్బు పంపారు. ఒక కమిటీ ఏర్పడింది. మూడేళ్లలో 5,000 యుద్ధాశ్వాలను కొనగలిగారు.

ఇక్కడే మనకొక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. కొన్న గుర్రాల్లో అత్యధికం బాగుపడే స్థితిలో లేవు. వాటికి నొప్పి లేని మరణం ఇవ్వడమే మిగిలిన దయ. డబ్బు పోసి కొని చంపించడమేమిటని ఎవరైనా అడగవచ్చు. ఆ పనికి ఎంత గుండె నిబ్బరం కావాలో మేము ఊహించగలం. కానీ మరో దారి ఏమిటి? నడిరోడ్డు మీద బండి కిందే కూలిపోయేదాకా వాటిని లాగనివ్వడమే. సేవ చేసే శక్తి ఉన్నంతకాలం వాడుకుని, శక్తి ఉడిగాక మొహం తిప్పుకోవడం మనకు తెలిసిన పాపమే. ఆ పాపాన్ని ఒక దేశం చేసింది. ఆ దేశపు స్త్రీ ఒకరు దాని భారాన్ని తన మీద వేసుకున్నారు.

గుర్రాల యజమానులను ఆమె దోషులుగా చూసి ఊరుకుంటే కథ అక్కడితో ముగిసేది. వారిలో చాలామంది నిరుపేదలు. ఆ ఒక్క జంతువు సంపాదనతోనే ఇల్లు గడవాలి. అందుకే ఆమె వెల చెల్లించి కొన్నారు. 1934లో కైరోలో యుద్ధాశ్వాల స్మారకంగా ఒక ఆసుపత్రి స్థాపించి, ఆ నగరంలో శ్రమించే గుర్రాలకు, గాడిదలకు ఉచిత వైద్యం అందేలా చేశారు. తమ సైన్యపు గుర్రాలకోసం మొదలైన పని పొరుగువాని గాడిద దాకా విస్తరించింది. జంతువుకు వైద్యం జరిగితే దాని యజమాని పిల్లలకు కూడా అన్నం దొరుకుతుంది.

డొరోతి 1955లో కన్నుమూశారు. ఆమె పేరుతోనే నడుస్తున్న సంస్థ నేడు ఆసియా, ఆఫ్రికా దేశాల్లో పనిచేస్తోంది. మన దేశంలో ఇటుక బట్టీల దగ్గర బరువులు మోసే గుర్రాలు, గాడిదలు, కంచర గాడిదల వరకూ ఆ సేవ చేరింది.

ఆమె పశువైద్యురాలు కాదు. చూసినదాన్ని చూడనట్టు దాటిపోలేదు, అంతే. మన వీధిలో కూడా పెళ్లి ఊరేగింపు ముగిశాక దాహంతో నిలబడిన గుర్రం ఉంటుంది, మెడ పుండైన బండి ఎద్దు ఉంటుంది. యజమానిని తిట్టడం సులభం. ఒక బకెట్టు నీళ్లు పెట్టి, పశువైద్యశాల దారి చూపి, అవసరమైతే ఖర్చులో పాలు పంచుకోవడం కష్టం. మనం ఆ కష్టమైనదాన్నే ఎంచుకుందాం.