వియన్నా నుంచి లండన్‌కు.. మార్లవాయి మీదుగా

ఆస్ట్రియా రాజధాని వియన్నా నుంచి లండన్‌కు ఆకాశమార్గంలో దూరం సుమారు 1,250 కిలోమీటర్లు. విమానంలో రెండున్నర గంటల ప్రయాణం. లండన్ గడియారం ఒక గంట వెనక నడుస్తుంది కాబట్టి, వియన్నాలో పొద్దున పదింటికి బయలుదేరితే అక్కడ పదకొండున్నరకే దిగొచ్చు. ఈ రెండు నగరాల మధ్య ప్రొఫెసర్ క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ జీవితం మాత్రం జైనూర్ మండలం మార్లవాయి మీదుగా సాగింది.

1909లో వియన్నాలో పుట్టారాయన. అక్కడే మానవశాస్త్రంలో డాక్టరేట్ చేసి, పై చదువుకు లండన్ వెళ్లారు. 1936లో నాగా కొండలకు వచ్చారు. 1938లో ఎలిజబెత్‌ను పెళ్లాడారు. బెట్టీ అంటేనే మన జిల్లావాళ్లకు తెలుస్తుంది. అదే ఏడాది హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకున్నాడు. దాంతో ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు మిగిలింది. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఆయన ఇండియాలో ఉన్నారు. బ్రిటిష్‌వాళ్ల లెక్కలో శత్రుదేశస్తుడు! చివరికి హైదరాబాద్ రాజ్యం దాటి పోవద్దని కట్టడి చేశారు. ఆ కట్టడే ఆదిలాబాద్ గోండులకు కలిసొచ్చింది.

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం పోలీసు కాల్పుల్లో అమరుడయ్యాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం సర్కారుకు వచ్చింది. ఆ పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు. ఆయన బంగళాలో కూర్చోలేదు. భార్యతో కలిసి మార్లవాయిలో గడ్డి గుడిసె వేసుకున్నారు, గోండి నేర్చుకున్నారు. దున్నుకునే భూమికి కాగితం లేకపోవడం, జంగ్లాత్ వాళ్ల జులుం, షావుకార్ల అప్పులు.. తిరుగుబాటు మూలం ఇక్కడుందని తేల్చారు. పైగా దఫ్తర్లన్నీ ఉర్దూలో నడిచేవి. ఏ కాగితంలో ఏం రాసుందో గోండు రైతుకు ఎట్లా తెలుస్తుంది?

1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది. గోండి వాచకాలు అచ్చయ్యాయి. 1945లో ఆయన నిజాం సర్కారుకు గిరిజన సలహాదారు అయ్యారు. 1356 ఫస్లీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక చట్టం వచ్చింది. 1949 నాటికి 11 వేల మందికి పైగా గిరిజనులకు లక్షా 60 వేల ఎకరాల దాకా పట్టాలు అందాయి. సర్కారు కాల్పుల్లో భీం పోయిన గడ్డ మీదే అదే సర్కారు పట్టాలిచ్చిందన్నది కూడా చరిత్రే. రెండూ చెప్పుకోవాలి.

తర్వాత లండన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేరి 1976లో రిటైరయ్యారు. మళ్లీ ఆదిలాబాద్ వచ్చి చూస్తే, ఇప్పించిన భూముల్లో చాలా భాగం బయటివాళ్ల చేతుల్లోకి పోతోంది. ఆ బాధనంతా 1982లో పుస్తకంగా వెలువరించారు.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూశారు. మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు. తర్వాత ఆయన అస్థికలను కూడా తెచ్చి బెట్టీ సమాధి పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న అక్కడ గోండులు ఇద్దరికీ వర్ధంతి జరుపుతారు.