సాలూరు నుంచి వచ్చిన స్వరం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. పింఛను, డి.ఏ. బకాయిల సంగతులు రాయడానికి సమర్థులైన మిత్రులు చాలామంది ఉన్నారు. కొత్తవలస చుట్టుపక్కల స్టేషన్లలో టిక్కెట్లు కొట్టుకుంటూ ముప్పై ఏళ్లకు పైగా గడిపిన నాకు తెలిసిన మరో విషయం ఒక పాత హార్మోనియం. దాని మీద నేను వాయించుకునే పాటల్లో సగానికి పైగా మన ఉత్తరాంధ్ర మనిషి కట్టినవే. ఆయనే సాలూరి రాజేశ్వరరావుగారు.

1920 దశకం తొలి రోజుల్లో సాలూరు దగ్గరి శివరామపురంలో ఆయన పుట్టారు. 2022 నుంచి సాలూరు ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది గాని, మా తరానికి అదంతా విజయనగరమే. తండ్రి సన్యాసిరాజుగారు మృదంగం వాయించేవారు, పాటలూ రాసేవారు. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ చెబుతున్న కాలమది. ఆ ద్వారంవారి కచేరీలకు సన్యాసిరాజుగారు మృదంగ సహకారం అందించారు. అలాంటి ఇంట్లో పిల్లవాడికి హార్మోనియం, తబలా ఆటవస్తువులైనట్టు అలవడ్డాయి. కొడుకు చెవి పదునైనదని తండ్రి ముందే గుర్తించారు. గుర్తించి ఊరుకోలేదు, ఆ దారిన నడిపించారు.

పన్నెండేళ్లు నిండీ నిండకుండానే ఆ కుర్రవాడి గొంతు గ్రామఫోన్ రికార్డులకెక్కింది. 1935లో వచ్చిన 'శ్రీకృష్ణలీలలు' చిత్రంలో కృష్ణుడి వేషం కట్టి తెలుగునాడంతటా పేరు తెచ్చుకున్నారు. కంసుడు వేమూరి గగ్గయ్యగారు.

చిన్నతనంలో మెరిసి, గొంతు మారగానే కనుమరుగైనవాళ్లు ఎందరో. రాజేశ్వరరావుగారు అలా కాలేదు. వచ్చిన పేరును పక్కన పెట్టి కలకత్తాలో మళ్లీ విద్యార్థి అయ్యారు. న్యూ థియేటర్స్ వెలుగుతున్న రోజులు. బోరాల్, పంకజ్ మల్లిక్, సైగల్ వంటి వారి సంగీతం దగ్గరగా విని హిందుస్తానీ, బెంగాలీ పోకడలు ఒంటబట్టించుకున్నారు. తరవాత మద్రాసు చేరారు. 1940లో 'ఇల్లాలు' చిత్రానికి బాణీలు కట్టారు. రావు బాలసరస్వతీదేవిగారితో కలిసి పాడిన లలితగీతాల రికార్డులు ఇంటింటా మోగాయి. జెమినీవారి 'బాలనాగమ్మ' (1942), 'చంద్రలేఖ' (1948) ఆయన పేరును తెలుగు హద్దులు దాటించాయి.

ఇక 1951లో బి.ఎన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి'. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మాట, భానుమతిగారి గొంతు, వీరి బాణీ కలిసి వచ్చిన ఆ పాటల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? 'విప్రనారాయణ', 'మిస్సమ్మ', 'చెంచులక్ష్మి', 'భార్యాభర్తలు', 'డాక్టర్ చక్రవర్తి' ఇలా మన యౌవనమంతా ఆయన పాటల వెంటే నడిచింది. వీణ మీద పాట, పియానో మీద పాట అంటే ఆయన తరవాతే ఎవరైనా.

'మిస్సమ్మ' మా ఊళ్లో టూరింగ్ టాకీసులో చూసినప్పుడు నాకు పదేళ్లు ఉంటాయి. రామకోవెల భజన హార్మోనియం దగ్గర కూచుని ఆ పాటలు వెతుక్కునేవాణ్ణి. పల్లవి సులువుగా దొరికేది. చరణంలోకి వెళ్లేసరికి వేళ్లు దారి తప్పేవి. ఆయన చరణాన్ని ఎక్కడికో తిప్పి, మనకు తెలియకుండానే మళ్లీ పల్లవి గుమ్మంలో దింపుతారు. వినడానికి తేలిక, పట్టుకోవడం కష్టం. ఆయన గొప్పతనం నాకు అలా వేళ్ల ద్వారా తెలిసింది.

తరవాత మా మావయ్య కొనిచ్చిన హార్మోనియాన్ని ఎస్.ఎస్.ఎల్.సి. ఏడాది మా నాన్న అటక ఎక్కించేశారు. ఆయన్ని తప్పుపట్టను. ఇంట్లో ఆరుగురం, ఉద్యోగం అవసరం. ఉద్యోగం వచ్చింది, పెట్టె మాత్రం దిగలేదు. రిటైరయ్యాక దించి చూస్తే తిత్తి ఎలుకలు కొట్టేశాయి. విజయనగరంలో బాగు చేయించి అరవయ్యో ఏట మళ్లీ సరిగమల దగ్గర మొదలుపెట్టాను. కిందటేడు మనవరాలి కోసం చిన్న పాటకు నేనే వరుస కట్టాను. కల్యాణిలో మొదలై ఎటో పోయిందనుకోండి, పిల్ల మాత్రం పాడుతోంది.

రాజేశ్వరరావుగారికి 1979లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. 1992లో రఘుపతి వెంకయ్య పురస్కారం అందింది. 1999 అక్టోబరులో కన్నుమూశారు. కుమారులు వాసూరావు, కోటి గార్లు కూడా ఆ విద్యలోనే పేరు తెచ్చుకున్నారు.

మా మనవరాలికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. కోచింగుకు సమయం చాలడం లేదు, పాట క్లాసు మాన్పించేద్దామని మా అబ్బాయి అంటున్నాడు. వాడితో వాదించే ఓపిక నాకు లేదు. ఈ సంచిక రాగానే ఈ పేజీ తెరిచి వాడి బల్ల మీద పెడతాను. ప్రతి పిల్లా రాజేశ్వరరావు కాదు, నిజమే. కాని శివరామపురంలో ఆ తండ్రి కూడా పెట్టె అటక ఎక్కించి ఉంటే మనకు 'మల్లీశ్వరి' పాటలు ఉండేవి కావు.