అగ్గిపుల్లలకు నడక నేర్పిన దాదాసాహెబ్ ఫాల్కే

1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమయ్యేనాటికి భారతీయ చలనచిత్రానికి నిండా రెండేళ్లు లేవు. ముడి ఫిల్ము విదేశాల నుంచే రావాలి. యుద్ధంతో ఆ సరఫరా కుంటుపడింది. పెట్టుబడి పెట్టవలసినవారు వెనుకంజ వేశారు. భారీ చిత్రాలు తలపెట్టలేని ఆ గడ్డురోజుల్లో దాదాసాహెబ్ ఫాల్కే అగ్గిపుల్లలనే నటులుగా ఎంచుకున్నారు.

ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే 1870 ఏప్రిల్ 30న నాసిక్ సమీపంలోని త్ర్యంబకేశ్వరంలో జన్మించారు. బొంబాయిలోని జె.జె. కళా పాఠశాలలో, బరోడా కళాభవన్‌లో విద్యనభ్యసించారు. చిత్రలేఖనం, ఛాయాగ్రహణం, ముద్రణ, గారడీ విద్యలన్నింటిలోనూ ప్రవేశం సంపాదించారు. క్రీస్తు జీవితగాథను తెరపై చూసిన నాటినుంచి మన పురాణ పురుషులను అలా చూపాలన్న తపన ఆయనను వెంటాడింది. 1912లో లండన్ వెళ్లి మెళకువలు నేర్చుకుని, కెమెరా కొనుక్కుని తిరిగివచ్చారు.

అయితే చిత్రనిర్మాణానికి ధనం కావాలి. అందుకు ఫాల్కే కుండీలో బఠానీ గింజలు నాటి, ఎదురుగా కెమెరా నిలిపారు. మొలక పెరిగి తీగ సాగేవరకు నెలకు పైగా చిత్రీకరించారు. తెరపై ఆ ఎదుగుదల అంతా నిమిషం పైచిలుకులో ముగిసింది. ఆ చిన్న చిత్రం చూసినవారికి ఆయనపై నమ్మకం కుదిరి, పెట్టుబడి దొరికింది. భార్య సరస్వతీబాయి ఫిల్ముకు రంధ్రాలు వేయడం మొదలు రసాయనాలు కలపడం వరకు చేదోడువాదోడుగా నిలిచారు. 1913 మే 3న బొంబాయి కారొనేషన్ సినిమాలో రాజా హరిశ్చంద్ర విడుదలైంది.

బఠానీ తీగ నేర్పిన ఓర్పే యుద్ధకాలంలో అక్కరకు వచ్చింది. 1915లో ఆయన తీసిన లఘుచిత్రం అగ్‌కాడ్యాంచీ మౌజ్. అంటే అగ్గిపుల్లల సరదా. పుల్లను వెంట్రుకవాసి జరపాలి, ఒక చిత్రం తీయాలి, మళ్లీ జరపాలి. మూకీల కాలంలో తెరపై ఒక్క సెకను కదలికకు సుమారు 16 చిత్రాలు అవసరం. చేయి తగిలి ఒక్క పుల్ల పక్కకు ఒరిగినా ఆ వరస చెడుతుంది. ఇంత శ్రమా ప్రేక్షకుడి పెదవిపై ఒక్క చిరునవ్వు కోసమే. భారతీయ యానిమేషన్‌కు తొలి అడుగులలో ఒకటిగా చరిత్రకారులు దానిని స్మరిస్తారు.

ఆ చిత్రం నేడు లభ్యం కాదు. ఆనాటి నైట్రేట్ ఫిల్ముకు నిప్పు తగిలితే భగ్గుమనే గుణం. భద్రపరచకుంటే దానంతటదే శిథిలమవుతుంది. మూకీలలో అధికభాగం అలాగే అంతరించాయి. రాజా హరిశ్చంద్రలో సైతం మిగిలింది కొంత భాగమే.

టాకీల రాకతో ఫాల్కే వెనుకబడ్డారు. 1937 నాటి గంగావతరణ్ ఆయన చివరి చిత్రం. 1944 ఫిబ్రవరి 16న నాసిక్‌లో కన్నుమూశారు. 1969లో కేంద్ర ప్రభుత్వం ఆయన పేరిట అత్యున్నత సినీ పురస్కారాన్ని నెలకొల్పింది. పేరు శాశ్వతమైంది. అగ్గిపుల్లల ఆట మాత్రం చూసినవారి కన్నులతోనే కనుమరుగైంది.